ఎల్కేడర్ : అమీర్ పేరు మోస్తున్న అమెరికా ఊరు

ప్రపంచపటం పరిచి పిల్లల చేత ఊళ్ల పేర్లు వెతికించడం మాకు పాత అలవాటు. ఊరి చరిత్రలో సగం దాని పేరులోనే ఉంటుందని చెబుతుంటాము. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, ఈశాన్య మూలన, టర్కీ నది ఒడ్డున ఎల్కేడర్ అనే చిన్న పట్టణం ఉంది. (ఈ టర్కీ దేశం కాదు, కోడి.) పైకి అది ఇంగ్లీషు పేరులాగే వినిపిస్తుంది. నిదానంగా పలికి చూడండి: అల్ ఖాదిర్. మన వీధుల్లో ఒక అబ్దుల్ ఖాదరో, ఖాదర్ బాషానో, ఖాదర్ వలీనో లేని వీధి ఉండదు. ఆ ఖాదరే ఇది.

అయోవాలో 99 కౌంటీలు ఉన్నాయి. ఎల్కేడర్ వాటిలో క్లేటన్ కౌంటీకి కేంద్రం. 2010 జనాభా లెక్కల్లో ఊరి జనం 1,273 మంది. మన లెక్కలో అదొక చిన్న పంచాయతీ. అయినా కోర్టు, భూముల దస్తావేజులు, పన్నుల లెక్కలు, షెరీఫ్ కార్యాలయం అన్నీ అక్కడే. ఈ హోదా దానికి సులువుగా రాలేదు. గుట్టెన్‌బర్గ్, గార్నవిల్లో అనే పక్క ఊళ్లు కూడా ఒక్కోసారి కేంద్రాలుగా ఉన్నాయి. 2016లో తెలంగాణలోనూ, 2022లో ఆంధ్రప్రదేశ్‌లోనూ జిల్లాల విభజన జరిగినప్పుడు మన ఊళ్లు ఎంత పట్టుబట్టాయో చూసినవారికి ఈ సంగతి విప్పి చెప్పనక్కర లేదు.

ఊరు పుట్టింది 1846లో. తిమోతీ డేవిస్, జాన్ థామ్సన్, చెస్టర్ సేజ్ అనే ముగ్గురు నది ఒడ్డున స్థలం చూసుకుని, నీటి బలంతో తిరిగే పిండిమర పెట్టి, వీధులు గీయించారు. డేవిస్ న్యాయవాది, తరువాత అమెరికా కాంగ్రెసులో సభ్యుడయ్యారు. ఆ రోజుల్లో అల్జీరియాలో ఫ్రెంచి సైన్యాన్ని ఎదిరిస్తున్న అమీర్ అబ్దుల్ ఖాదిర్ కథ సముద్రాలు దాటి పత్రికల్లో వచ్చేది. ఆ ముగ్గురూ అమీర్‌ను చూసినవారు కారు, ముస్లింలూ కారు. వాళ్ల తాతల తరం ఇంగ్లండు రాజు మీద తిరగబడిన తరం. ఎక్కడో ఎడారి అంచున మరొకరు అదే పని చేస్తుంటే వాళ్లకు పోలిక తోచింది. ఊరికి ఆయన పేరు పెట్టారు. పెట్టడంలో 'అబ్ద్' జారిపోయింది. దాసుడు అనే మాట పోయి, సర్వశక్తిమంతుడు అనే అల్లాహ్ నామం ఒక్కటే మిగిలింది. అస్మా ఉల్ హుస్నాలోని ఒక పేరు ఆ ఊరి ప్రతి ఉత్తరం మీదా ముద్ర పడుతోందన్న సంగతి వాళ్లకు ఎవరు చెప్పి ఉంటారు?

ఇక్కడ ఒక పొరపాటును సరిచేయాలి. డమాస్కస్‌లో క్రైస్తవులను కాపాడినందుకు కృతజ్ఞతగా ఈ పేరు పెట్టారని మనవాళ్లు కొందరు ప్రసంగాల్లో చెబుతుంటారు. వినడానికి బాగుంటుంది గానీ నిజం కాదు. డమాస్కస్ సంఘటన 1860 నాటిది. ఊరికి పేరు పెట్టింది అంతకు 14 ఏళ్ల ముందు. అప్పటికి అమీర్ లోకం మెచ్చిన మహనీయుడు కాదు, ఫ్రాన్సు వేటాడుతున్న తిరుగుబాటుదారు. ఓడిపోయేటట్టు ఉన్న మనిషి పేరు పెట్టడానికి కొంచెం గుండె కావాలి. ఉపాధ్యాయులం గనుక తేదీల దగ్గర మాకు పట్టుదల ఎక్కువ.

అమీర్ 1808లో ముఅస్కర్ పట్టణం దగ్గర పుట్టారు. ఫ్రెంచివారు ఆ ఊరిని మస్కారా అంటారు. తండ్రి ముహియుద్దీన్ ఖాదిరియా సిల్సిలాకు చెందిన పెద్ద. గ్యార్వీ షరీఫ్ జరుపుకునే మన కుటుంబాలకు ఆ సిల్సిలా పరిచయమే. 1830లో ఫ్రాన్సు అల్జీర్స్‌ను ఆక్రమించింది. 1832లో తెగల పెద్దలు కూడి ఈ 24 ఏళ్ల యువకుణ్ణి అమీర్‌గా ఎన్నుకున్నారు. ఆపైన 15 ఏళ్లు పోరాటం.

ఆ పోరాటంలో యుద్ధాలకంటే ఖైదీల సంగతి మాకు ఎక్కువ విలువైనదిగా తోస్తుంది. బందీలను చంపవద్దని, ప్రాణాలతో తెమ్మని అమీర్ ఆజ్ఞ. తెచ్చినవారికి బహుమానం కూడా ఉండేది. అల్జీర్స్ బిషప్ ద్యుపుష్ ఒకసారి తమ ఖైదీ ఒకరిని విడిచిపెట్టమని ఆయనకు ఉత్తరం రాశారు. ఒక్కడినే ఎందుకు అడిగారు, మీ ఖైదీలందరినీ అడిగి ఉండాల్సింది, మీ జైళ్లలో మగ్గుతున్న ముస్లింల కోసం కూడా అడిగి ఉండాల్సింది అన్న అర్థం వచ్చేలా అమీర్ బదులు రాశారు. ఆ ఉత్తరాల నుంచే 1841లో ఖైదీల మార్పిడి జరిగింది.

1847 డిసెంబరులో, తనను తూర్పు దేశాలకు పంపాలన్న షరతు మీద ఆయన లొంగిపోయారు. ఫ్రాన్సు మాట తప్పి తూలాన్, పో, ఆంబ్వాజ్ కోటల్లో బంధించింది. 1852లో విడుదలయ్యారు. కొన్నాళ్లు బుర్సాలో ఉండి, 1855లో డమాస్కస్ చేరారు. 1860 జూలైలో అక్కడ అల్లరి మూకలు క్రైస్తవ వాడల మీద పడ్డాయి. అమీర్ తన అల్జీరియా అనుచరులతో వీధుల్లోకి వెళ్లి వేలమందిని తీసుకొచ్చి కాపాడారు. తన దేశాన్ని మింగి, తనను చెరలో పెట్టిన ఫ్రాన్సు మతమే వాళ్ల మతం కూడా. ఇస్లాం ధర్మమూ మానవ హక్కులూ ఆదేశించినదే చేశానని ఆయన తరువాత రాశారు.

మన సభల్లో ఏటా ఒక ప్రశ్న వస్తుంది: వరదో అగ్నిప్రమాదమో వచ్చినప్పుడు మన సొమ్ము మనవారికేనా, ఎదుటి వీధివారికి కూడానా అని. జకాత్‌కు ఎవరు అర్హులో ఉలమాలు చెబుతారు. అది మా పరిధి కాదు. సదఖా సంగతి చర్చకు వచ్చినప్పుడల్లా మాకు గుర్తుకొచ్చేది మాత్రం డమాస్కస్ వీధులే.

పేరు పెట్టినవారిని పొగిడి ఊరుకుంటే పాఠం పూర్తికాదు. అమీర్ ఎన్నికైన ఆ 1832లోనే, బ్లాక్ హాక్ యుద్ధం ముగిశాక, తూర్పు అయోవాలో సాక్, మెస్క్వాకీ తెగల భూమిని అమెరికా ప్రభుత్వం రాయించుకుంది. టర్కీ నది ప్రాంతంలో ఉంచిన హో-చంక్ తెగవారిని, ఎల్కేడర్ పుట్టిన రెండేళ్లకే, 1848లో అయోవా నుంచి పంపించేశారు. దూరదేశంలో భూమి కోసం పోరాడేవాడు వీరుడు, పక్కన ఉన్నవాడు అడ్డంకి. ఈ గుణం అమెరికాకే ప్రత్యేకం కాదులెండి.

ఊరు తరువాత మామూలు అయోవా ఊరిలాగే ఎదిగింది. చుట్టూ పొలాలు, పాడి. 1889లో నది మీద రెండు కమానుల రాతి వంతెన కట్టారు. పొడవు 346 అడుగులు. నేటికీ ఊరికి అదే గుర్తు. గడియారపు బురుజున్న ఇటుకల కోర్టు భవనం, 1903 నాటి నాటకశాల కూడా నిలిచే ఉన్నాయి. పేరు మాత్రం కేవలం పేరుగా మిగిలింది. 1984లో ఎల్కేడర్, ముఅస్కర్ సోదర నగరాలయ్యాక ఆ బంధం మళ్లీ చిగురించింది. ఒక అల్జీరియా వాసి అక్కడ తమ దేశపు వంటలతో హోటలు కూడా తెరిచారు. 2008 జూన్‌లో టర్కీ నది పొంగి ఊరిని ముంచినప్పుడు అల్జీరియా ప్రభుత్వం సహాయంగా 1,50,000 డాలర్లు పంపింది. తమ అమీర్ కష్టాల్లో ఉండగా పేరు పెట్టుకున్న ఊరికి, 162 ఏళ్ల తరువాత, ఆయన దేశం పంపిన సొమ్ము అది. తీసుకున్నవారిలో ముస్లిం ఎవరని ఎవరూ అడగలేదు.

ఆ తరువాతే అక్కడ అబ్దుల్‌ఖాదర్ విద్యా ప్రాజెక్టు మొదలైంది. ఆయన జీవితం మీద ఉన్నత పాఠశాల విద్యార్థులకు వ్యాసరచన పోటీలు పెడుతుంది. రాసే పిల్లల్లో చాలామంది ముస్లింలు కారు.

ఈ వ్యాసం మొదలుపెట్టేముందు మా పదో తరగతిలో అమీర్ అబ్దుల్ ఖాదిర్ ఎవరో తెలిసినవారు చెయ్యి ఎత్తమన్నాము. ఒక్క చెయ్యీ లేవలేదు. మూడో బెంచీలో కూర్చునే అబ్దుల్ ఖాదర్ చెయ్యి కూడా.