రంగుకు ముందు గీకుడు

వేసవి సెలవుల్లో మనలో చాలామందిమి పెయింటర్ల దగ్గర కూలికి వెళ్తుంటాం. కొత్తగా వెళ్లినవాడికి బ్రష్ ఇవ్వరు, గరుకు కాగితం ఇస్తారు. పాత తలుపులు, కిటికీలు గీకే పని హెల్పర్‌దే. అందరూ చిన్నచూపు చూసే ఈ పనిని బట్టే రంగు ఎన్నాళ్లు నిలుస్తుందో తేలుతుంది. గీకేవాడి ఆరోగ్యమూ దీనితోనే ముడిపడి ఉంది. అందుకే దీని గురించి రాస్తున్నాం.

చెక్క వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఎనామిల్ పొర పెళుసెక్కి, చెక్కతో పాటు సాగలేక చిట్లుతుంది. ఆ సందుల్లో నీరు దిగి పొక్కులు లేపుతుంది. వదులైన పొర మీద ఎంత ఖరీదైన రంగు వేసినా పాత పొరతో సహా ఊడి వస్తుంది. అలాగని పాత రంగంతా ఒలవనక్కర్లేదు. ముందు సబ్బునీళ్లతో జిడ్డు కడిగి ఆరనివ్వాలి. తర్వాత బ్లేడుతో అడ్డంగా, నిలువుగా గాట్లు పెట్టి, సెల్లోటేపు గట్టిగా అంటించి లాగాలి. పెచ్చులు వస్తే అక్కడ చెక్క దాకా గీకాలి. రాకపోతే నునుపు పోయేదాకా రుద్దితే చాలు.

ఇక అసలు సంగతి సీసం. ఇళ్ల రంగుల్లో సీసం 90 పిపిఎం, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలు, దాటకూడదని మన దేశంలో 2016లో నియమాలు చేశారు. అవి 2017 నవంబరులో అమల్లోకి వచ్చాయి. అంతకుముందు వేసిన ఎనామిల్‌లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు రంగుల్లో, దానికి ఎన్నో రెట్లు ఉండవచ్చు. కంటితో చూసి చెప్పలేం కాబట్టి పాత తలుపు ఏదైనా సీసం ఉన్నట్టే లెక్క. పొడిగా రుద్దితే లేచే దుమ్ము ఊపిరితోనూ, అన్నం ముద్దతోనూ లోపలికి పోతుంది. శరీరం దాన్ని కాల్షియం అని పొరబడి ఎముకల్లో ఏళ్ల తరబడి దాచుకుంటుంది. రక్తం తయారీకి అది అడ్డుపడుతుంది. ఇంతవరకు ఫరవాలేదు అనదగిన మోతాదే సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఎక్కువ దెబ్బ చిన్నపిల్లల మెదడుకే.

ఉపాయం చవకైనదే, నీళ్లు. కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, చెక్కను తడుపుతూ వాటర్ పేపర్‌తో రుద్దాలి. ఆ బురద ఆరకముందే తడిగుడ్డతో తుడిచేయాలి. చీపురు పట్టకూడదు. ముక్కుకు కట్టిన జేబురుమాలు సన్నని దుమ్మును ఆపదు. ఎన్95 మాస్కు కావాలి, మేస్త్రీ నవ్వినా సరే. బ్లోలాంప్‌తో కాల్చి ఒలిస్తే సీసం పొగలో కలుస్తుంది, ఆ పద్ధతి వద్దు. పని బట్టలతో ఇంటికి పోయి పసిపిల్లలను ఎత్తుకోవద్దు. రంగు వేసిన పాత చెక్కలు పొయ్యిలో పెట్టవద్దు. మన ఊళ్లలో విరిగిన కిటికీ చెక్కలతో నీళ్లు కాచుకోవడం మామూలే. ఆ బూడిదతోనే గిన్నెలు తోమడమూ మామూలే!

తడిసిన చెక్క పూర్తిగా ఆరాలి. అందుకే వానాకాలంలో ఈ పని పెట్టుకోకపోవడం మేలు. చెక్క బయటపడిన చోట ముందు ఉడ్ ప్రైమర్, ఆ తర్వాతే లప్పం. ప్రైమర్ లేకుండా పెడితే లప్పంలోని నూనెను చెక్క పీల్చేసుకుని, లప్పం ఎండి రాలిపోతుంది. లప్పం ఆరాక సన్న కాగితంతో తడిగా రుద్ది, ఆరనిచ్చి, మరో కోటు ప్రైమర్ వేయాలి. తలుపు అడుగు అంచు ఎవరికీ కనబడదని చాలామంది వదిలేస్తారు. బాత్‌రూం తలుపులు కుళ్లడం అక్కడి నుంచే మొదలవుతుంది. బందులు విప్పి తలుపు దించి, ఆ అంచుకు రెండు కోట్లు పట్టించాకే మళ్లీ బిగించాలి.