ఏనుగులొచ్చే చేనికి కరెంటు కంచె వేయొచ్చా?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర, కౌండిన్య అడవి అంచు పల్లె. ఏనుగులు చెరకు, అరటి తొక్కేస్తున్నాయి. కంచెకు కరెంటు పెట్టమంటున్నారు. పెట్టొచ్చా?
– ఓ రైతు

జవాబు: వద్దండీ. మోటారు లైను నుంచి తీగకు కరెంటిస్తే ఏనుగే కాదు, తెల్లారుజామున నీళ్లు కట్టడానికెళ్లే మీ ఇంటి మనిషే పోవచ్చు. 1972 వన్యప్రాణి చట్టం కింద జైలూ తప్పదు. సోలార్ కంచె వేరు. క్షణం షాక్ కొట్టి వదిలేస్తుంది, చంపదు. కాకపోతే తీగకు గడ్డి, కొమ్మలు తగిలితే దాని పట్టు పోతుంది. కంచె కింద కలుపు ఎప్పటికప్పుడు చెక్కుతుండాలి. అడవి వైపు మళ్లలో మిరప వేసి చూడండి. ఏనుగులు తొక్కితే తొక్కొచ్చు గానీ తినవు. పండిన పనసకాయలు చెట్టునే ఉంచకండి, ఆ వాసనకు వస్తాయి. గుంపు దిగితే టపాసులతో వెంటపడొద్దు, పిల్లతల్లి ఎదురుతిరుగుతుంది. వెంటనే అటవీ సిబ్బందికి ఫోన్ చేయండి. పంట పోతే చేను సర్దకముందే ఫొటోలు తీసి, పరిహారానికి దరఖాస్తు పెట్టండి.