గిన్నెకి అంటుకోని కేకు: పూర్ణా మార్కెట్‌లో నేర్చుకున్న పాఠం



జనవరి ఒకటో తారీఖు రాత్రి మన హాస్టల్లో కేకు ఏమైందో మీ అందరికీ తెలుసు. మెస్ కమిటీ మీటింగులో "నేను చేస్తాను" అని చెయ్యెత్తినవాణ్ణి నేనే. గుండిగలో ఇసుక పోసి, ఇటుక ముక్కలు పెట్టి, వాటి మీద రెండు లోతు స్టీలు పళ్ళాల్లో పిండి పోసి, మూత పెట్టి, ముప్పావు గంట కట్టెల మంట మీద ఉంచాను. వాసన బ్రహ్మాండంగా వచ్చింది. వరండాలో అందరూ వరసగా కూర్చున్నారు. తీరా పళ్ళెం బోర్లిస్తే కేకు రాలేదు. తట్టాను, రాలేదు. అట్లకాడ పెట్టి పెకలించాను. పైభాగం ఊడి వచ్చింది, అడుగు పళ్ళేనికే ఉండిపోయింది. చివరికి గరిటెతో గోకి పొడి పొడిగా చేతుల్లో పెట్టాం.

వరస చివర మూడో తరగతి పిల్లలు. వాళ్ళలో ఒకడి పుట్టినరోజు ఆ రోజే. (మనలో చాలామందికి స్కూల్లో చేర్చినప్పుడు రాయించిన తారీఖే పుట్టినరోజు, అది వేరే సంగతి.) కొవ్వొత్తి గుచ్చడానికి ఒక్క ముక్క కూడా నిలబడలేదు. "అన్నా, కేకు ఏదీ?" అని అడిగాడు. నేను చేతిలో ఉన్న పొడి చూపించాను. మర్నాడు వంట అక్క ఆ పళ్ళాలు నానబెట్టి రెండు పూటలు కొబ్బరి పీచుతో తోమింది. నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

సంక్రాంతి సెలవులకి విశాఖపట్నం మా మావయ్య ఇంటికి వెళ్ళాను. మావయ్య పూర్ణా మార్కెట్ దగ్గర ఒక బేకరీలో పదకొండేళ్ళుగా పని చేస్తున్నాడు. కాంప్లెక్స్‌లో బస్సు దిగి, జగదాంబ దాకా సిటీ బస్సులో పోయి, అక్కడినుంచి నడిచి వెళ్ళవచ్చు. పాత ఊరి బజారు అది. కూరగాయలు, పళ్ళు, బెల్లం, మసాలా దినుసులు, గిన్నెల కొట్లు అన్నీ ఇరుకు సందుల్లోనే. ఒక మూల అడ్డాకుల విస్తళ్ళ కట్టలు చూసి నాకు ఊరు గుర్తొచ్చింది. వాటి సంగతి తర్వాత చెప్తాను.

కేకు కథ అంతా విని మావయ్య నవ్వాడు. "నువ్వు కేకు సెయ్యలేదురా అల్లుడూ, సిమెంటు పోసినావు. పళ్ళేనికి ఏటి రాసావు?"

"నూనె రాశాను మావయ్యా."

"ఎప్పుడు?"

"ముందే. ఇంకా పిండి కలపకముందే రాసి పెట్టుకున్నాను."

"మరి పిండి పోసేసరికి ఆ నూనె ఎక్కడుంది?"

ఆలోచిస్తే నిజమే. నూనె పల్చన. పళ్ళెం గోడల మీద నుంచి జారి అడుగున ఒక చోట మడుగు కట్టింది. గోడలు పొడిగా ఉండిపోయాయి. పైగా పిండిలో గుడ్లు ఉన్నాయి. గుడ్డు సొనలో లెసిథిన్ అనే పదార్థం ఉంటుంది. అది నూనెనీ నీటినీ కలిపేస్తుంది. అంటే నేను రాసిన నూనెలో కొంత పిండే తాగేసింది. ఇక లోహానికీ పిండికీ మధ్య ఏమీ మిగల్లేదు.

ఇప్పుడు అసలు ఎందుకు అంటుకుంటుందో చూద్దాం. స్టీలు పళ్ళెం చేత్తో తడిమితే నున్నగా ఉంటుంది గానీ భూతద్దానికి కూడా అందనంత చిన్న గీతలూ గుంటలూ దాని నిండా ఉంటాయి. పల్చటి పిండి వాటిలోకి దిగుతుంది. వేడి 60 నుంచి 80 డిగ్రీల మధ్యకి వచ్చేసరికి గుడ్డులోని మాంసకృత్తులు గట్టిపడతాయి, మైదాలోని పిండిపదార్థం నీళ్ళు తాగి ఉబ్బి జిగురవుతుంది. మాంసకృత్తులు ఉండచుట్టిన దారంలాంటివి. వేడికి ఆ ఉండ విప్పుకుంటుంది, విప్పుకున్న దారం దొరికినదాన్ని పట్టుకుంటుంది. దగ్గరలో లోహం ఉంటే లోహాన్నే పట్టుకుంటుంది. వీటికి తోడు పంచదార కరిగి పాకమై, చల్లారాక గాజులా బిగుసుకుంటుంది. అట్లకాడకి లొంగనిది ముఖ్యంగా ఇదే.

కాబట్టి మంట తగ్గిస్తే సరిపోతుంది, అదృష్టం బాగుంటే వస్తుంది అనుకోవడం తప్పు. పిండి తడిగా ఉన్నంతసేపు లోహానికీ దానికీ మధ్య ఏదో ఒకటి అడ్డు ఉండాలి. తర్వాత పిండి తనంతట తాను పెచ్చు కట్టుకుంటుంది. పెచ్చు కట్టాక అడ్డు అవసరం ఉండదు. బేకరీలో చేసేదంతా ఆ కాసేపటి అడ్డు కోసమే.

మావయ్య వాళ్ళు ఒక ముద్ద తయారుచేసి డబ్బాలో పెట్టుకుంటారు. వనస్పతి ఒక వంతు, నూనె ఒక వంతు, మైదా ఒక వంతు, మూడూ గిలక్కొట్టి తెల్లటి పేస్టులా చేస్తారు. బ్రష్షుతో గిన్నె మూలలకీ గోడలకీ అంతటా రాస్తారు. వనస్పతి గట్టిది కాబట్టి రాసిన చోటే ఉంటుంది, జారదు. మైదా పొడిది కాబట్టి పిండిలోని తడిని తాను తీసుకుని లోహం దాకా పోనివ్వదు. ఈ ముద్ద లేకపోతే వనస్పతి రాసి, పైన గుప్పెడు పొడి మైదా చల్లి, గిన్నె తిప్పి తట్టి, మిగిలినది దులిపేసినా అదే పని జరుగుతుంది. "మరి వెన్న మంచిది కదా?" అని అడిగాను. ఈ పనికి మంచిది కాదట. వెన్నలో దాదాపు ఆరో వంతు నీళ్ళే ఉంటాయి, పాల పదార్థం కూడా ఉంటుంది. అది మాడి అదే అంటుకుంటుంది. కాచిన నెయ్యి ఫరవాలేదు.

రెండో తప్పు నేను చెప్పకుండానే మావయ్య కనిపెట్టేశాడు. "దింపిన ఎంటనే బోర్లించీసినావు, ఔనా?" ఔను. పిల్లలు కూర్చున్నారు కదా అని తొందరపడ్డాను. పొయ్యి మీద నుంచి దింపినప్పుడు కేకు మెత్తగా, ఆవిరితో ఉంటుంది. పది నిమిషాలు ఆగితే కాస్త గట్టిపడి, కొంచెం ముడుచుకుని అంచుల దగ్గర తానే గోడని వదిలేస్తుంది. అప్పుడు చాకు ఒక్కసారి చుట్టూ తిప్పి బోర్లించాలి. అలాగని గంటసేపు వదిలేయకూడదు. ఆవిరి అడుగున నీరై, పెచ్చు మెత్తబడి, పంచదార బిగుసుకుని మళ్ళీ పట్టుకుంటుంది. పది నిమిషాలు ఆగడం మావయ్య చెప్పినంత తేలిక కాదు. నేను బేకరీలో గడియారం చూస్తూ నించుంటే ఆ పది నిమిషాలూ గంటలా ఉన్నాయి.

బేకరీలో రొట్టె డబ్బాలు చూసి నేను ముక్కు చిట్లించాను. అన్నీ నల్లగా ఉన్నాయి. "ఇవి తోమరా?" అన్నాను. తోమరట! సబ్బు పెట్టి గీకితే ఆ రోజు రొట్టెలన్నీ అంటుకుంటాయట. కొత్త డబ్బా వస్తే ముందు కడిగి, ఆరబెట్టి, పల్చగా నూనె రాసి ఖాళీగా భట్టీలో పెడతారు. అలా కొన్నిసార్లు చేశాక దాని మీద నల్లటి పొర కడుతుంది. తర్వాత రోజూ గుడ్డతో తుడవడమే. సెలవుల తర్వాత ఇది మన సైన్సు మాస్టారిని అడిగాను. పల్చటి నూనె బాగా వేడెక్కితే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, అణువులు ఒకదానికొకటి గొలుసుకట్టి గట్టి పొరగా మారతాయని, దాన్నే పాలిమరీకరణం అంటారని చెప్పారు. తలుపులకి వేసే వార్నిష్‌లాంటిదే. ఆ పొర లోహం గుంటల్ని పూడ్చేస్తుంది. నూనె మందంగా పోస్తే మాత్రం పొర కట్టదు, బంకలా మిగులుతుంది. లినోలిక్ ఆమ్లం ఎక్కువున్న నూనెలు దీనికి బాగా పనికొస్తాయట. మన కొండల మీద పచ్చగా పూసే వలిసెలు ఉన్నాయి కదా, ఆ నూనె అలాంటిదే. పూల దగ్గర ఫోటోలు దిగి పోయేవాళ్ళకి ఈ సంగతి తెలియదు.

వంట అక్కకి ఇక్కడే ఒక మాట. ఆదివారం అట్లు పోసే మన ఇనుప పెనానికి కూడా ఇదే వర్తిస్తుంది. దాన్ని బూడిదతో తెల్లగా తోముతున్నాం. తోమిన ప్రతిసారీ కట్టిన పొర పోతోంది. అందుకే మొదటి నాలుగైదు అట్లు చిరిగిపోతున్నాయి, ఆ చిరుగులు మెస్ కమిటీవాళ్ళ కంచాల్లోకి వస్తున్నాయి. పెనం వేడయ్యాక నీళ్ళు చిలకరిస్తే చుక్కలు గోలీల్లా దొర్లుతాయి. చుక్క కింద ఆవిరి పరుపులా ఏర్పడి దాన్ని ఎత్తి పట్టుకుంటుంది. లైడెన్‌ఫ్రాస్ట్ అనే జర్మన్ వైద్యుడు 1756లో దీని గురించి రాశాడు. కానీ ఆ వేడి అట్టుకి ఎక్కువ. అప్పుడు మంట తగ్గించి, సగానికి కోసిన ఉల్లిపాయని నూనెలో ముంచి రుద్ది, పిండి వెయ్యాలి. అంచు తానే లేచేదాకా అట్లకాడ తాకించకూడదు. అదే పెనం మీద చింతపండు పులుసు మాత్రం పెట్టకండి, పులుపు ఆ పొరని తినేస్తుంది.

గిన్నెల కొట్టు దగ్గర కూడా ఆగాం. మా తరగతి వాడొకడు విశాఖ ఉక్కుతోనే ఈ పెనాలన్నీ చేస్తారని పందెం కాశాడు. ఓడిపోయావు మిత్రమా! ఆ కర్మాగారంలో ముఖ్యంగా తయారయ్యేవి ఇనుప ఊచలు, తీగ చుట్టలు, కమ్మీలు. పెనానికి కావలసిన రేకు కాదు. కొట్టాయన నాన్‌స్టిక్ పెనం చూపించి "ఇది తీసుకో బాబూ, ఏదీ అంటుకోదు" అన్నాడు. నిజమే, అంటుకోదు. దాని మీది పూత టెఫ్లాన్. 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనే రసాయన శాస్త్రవేత్త వేరే ప్రయోగం చేస్తుంటే అనుకోకుండా దొరికింది. 1950లలో ఫ్రాన్సులో దాన్ని వంట పెనం మీదికి తెచ్చారు. కానీ ఇనుప అట్లకాడ తగిలితే గీతలు పడతాయి. ఖాళీగా పెద్ద మంట మీద వదిలేస్తే, సుమారు 260 డిగ్రీలు దాటాక పూత చెడిపోవడం మొదలై, ఇంకా వేడెక్కితే హాని చేసే పొగ వస్తుంది. మన కట్టెల పొయ్యికీ, మన గరిటెలకీ, మన తొందరకీ అది సరిపడదు. మేము కొనలేదు.

బేకరీలో ఇంకొకటి చూశాను. కేకు గిన్నె అడుగున గుండ్రంగా కత్తిరించిన బటర్ పేపరు వేస్తారు. అది వేస్తే అడుగు భయమే లేదు. "మా దగ్గర అది దొరకదు మావయ్యా, న్యూస్‌పేపరు వెయ్యొచ్చా?" అన్నాను. కొంతమంది వేస్తారట గానీ వెయ్యకూడదు. అచ్చు సిరాలోని రంగులూ రసాయనాలూ నూనె తగిలితే తిండిలోకి దిగుతాయి. ఆహార భద్రతా సంస్థ 2016లోనే న్యూస్‌పేపర్లో తిండి చుట్టవద్దని హెచ్చరించింది. పాత పరీక్ష పేపర్లు కూడా వద్దు. ఈ మాట ఎనిమిదో తరగతి వాళ్ళకి.

అప్పుడు మావయ్య అన్నాడు: "మీ అమ్మమ్మ చోడి రొట్టె దేన్లో కాల్చేదిరా?"

అడ్డాకులో! చోడి పిండి ముద్దని రెండు పచ్చి అడ్డాకుల మధ్య పెట్టి, నొక్కి, నిప్పుల మీద వేసేది. ఆకు పైన మాడేది, లోపల రొట్టె చెక్కుచెదరకుండా వచ్చేది. ఆకు మీద మైనంలాంటి నున్నటి పొర ఉంటుంది. ఆకులోని తడి ఆవిరై పిండిని అంటనివ్వదు. బటర్ పేపరు చేసే పని అదే. నేను ఆరో తరగతిలో కొత్తగా చేరినప్పుడు మా అమ్మ ఆకు రొట్టె మూటకట్టి పంపితే, ఎవరైనా చూస్తారని గోడ వెనక్కి పోయి తిన్నాను. అదే ఆకు కట్టలు కట్టలుగా పూర్ణా మార్కెట్‌లో అమ్ముడవుతుంటే చూసి ఆ రొట్టె గుర్తొచ్చింది.

సెలవులయ్యాక వార్డెన్ గారి అనుమతితో మూడు చిన్న కేకులు చేసి చూశాం. మొదటిది స్టీలు పళ్ళెం, ఉత్త నూనె. మళ్ళీ అంటుకుంది, సగం అడుగు పోయింది. రెండోది అల్యూమినియం గిన్నె, వనస్పతి నూనె మైదా ముద్ద. పది నిమిషాలు ఆగి బోర్లిస్తే టప్‌మని పడింది. మూడోది అల్యూమినియం గిన్నె, అడుగున కడిగి తుడిచిన పచ్చి అడ్డాకు, గోడలకి ఆ ముద్ద. అడుగు అద్దంలా వచ్చింది, ఆకు ఈనెల గుర్తులు కేకు మీద అచ్చు పడ్డాయి. ఒక్క చోట ఆకు మడత పడి, పిండి ఆ మడతలోకి పోయి కొంచెం చిరిగింది. ఆకు వాసన కొద్దిగా ఉంది. నాకు నచ్చింది, వంట అక్కకి నచ్చలేదు.

వచ్చే ఆదివారం మధ్యాహ్నం పెద్ద కేకు. గిన్నె అడుగు సరిపడేలా వెడల్పు ఆకులు కావాలి, ఎండినవి కాదు, పచ్చివి, చిల్లులు లేనివి. శనివారం ఊరికి పోయి వచ్చేవాళ్ళు ఒక్కొక్కరు నాలుగు తెస్తే చాలు. ఈసారి వడ్డన మూడో తరగతి వరస నుంచి మొదలుపెడదామని మెస్ కమిటీలో తీర్మానం చేశాం. కొవ్వొత్తి నా పెట్టెలో దాచి ఉంచాను.

తొమ్మిదో తరగతి, మెస్ కమిటీ సభ్యుడు