బందీఖానా పాట

పాట పుట్టిన చోటు ఒకటి, అది స్థిరపడిన చోటు మరొకటి కావడం లోకంలో అరుదు కాదు. 1897లో దక్షిణాఫ్రికాలో ఈనాక్ సొంటొంగా అనే బడిపంతులు ఒక చిన్న ప్రార్థనాగీతం రాశాడు. అది వర్ణవివక్షను ఎదిరించిన ప్రజల గొంతులలో నినాదమై, 1997 నాటికి ఆ దేశ జాతీయగీతంలో భాగమైంది. 1999లో ఫిన్లాండ్‌కు చెందిన డరూడ్ అనే సంగీతకారుడు ఎలక్ట్రానిక్ పరికరాల సాయంతో 'శాండ్‌స్టార్మ్' అనే నృత్యసంగీతాన్ని కూర్చాడు. అందులో పల్లవి లేదు, చరణాలు లేవు. నృత్యశాలల కోసం పుట్టిన ఆ వరుస కొద్ది సంవత్సరాలలోనే క్రీడామైదానాలకు చేరింది. వేలాది మంది ఒక్కసారిగా లేచి చిందులు వేయడానికి ఆ నాదం ఒక్కటే చాలింది. మొదటి దానిని మాట నడిపింది. రెండవ దానిని లయ నడిపింది.

తెలుగునాట మాట, లయ రెండూ కలిసి నడిపిన పాటలు ఉన్నాయి. వాటిలో మిక్కిలి దూరం ప్రయాణించినవి భద్రాచల రామదాసు కీర్తనలు.

ఖమ్మం నుండి భద్రాచలం వెళ్లే త్రోవ కొత్తగూడెం, పాల్వంచ దాటిన పిమ్మట అడవిలో ప్రవేశిస్తుంది. పట్టణానికి రైలు లేదు. దగ్గరి స్టేషను కొత్తగూడెంలో ఉన్నది. దాని పేరు మాత్రం భద్రాచలం రోడ్. అక్కడి నుండి గుడికి సుమారు 40 కిలోమీటర్లు. 1965లో గోదావరిపై వంతెన నిర్మాణం జరిగే వరకు యాత్రికులు పడవలెక్కి నది దాటవలసి వచ్చేది. ఇటువంటి మారుమూల అడవి అంచున పుట్టిన పాటలు ఆసేతుహిమాచలం ఉన్న తెలుగువారి ఇళ్లకు ఎట్లు చేరినవన్నది ఆసక్తికరమైన విషయం.

ఆ పాటల కర్త కంచర్ల గోపన్న. పదిహేడవ శతాబ్దివాడు. నేటి ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లి అతని స్వగ్రామం. తల్లిదండ్రులు కామాంబ, లింగన్న. గోల్కొండ కొలువులో ఉన్నత పదవులలో ఉన్న అక్కన్న మాదన్నలు అతనికి మేనమామలని ప్రసిద్ధి. వారి మూలంగా గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారు అయ్యాడు. పన్నులు వసూలు చేసి గోల్కొండ ఖజానాకు పంపడం అతని ఉద్యోగధర్మం. భద్రగిరి మీద అప్పటికే సీతారాముల విగ్రహాలు ఉన్నాయి. పుట్టలో ఉన్న ఆ విగ్రహాలను మొదట కనుగొని, పైన పందిరి వేసి, పండ్లు ఫలాలు నైవేద్యం పెట్టినది పోకల దమ్మక్క అనే గిరిజన స్త్రీ అని స్థలపురాణం చెబుతుంది. అందువలన ఆ కథలో మొదటి భక్తురాలు అడవి బిడ్డ. రాజోద్యోగి అయిన గోపన్న ఆమె తరువాతివాడే.

గోపన్న గుడి కట్టించాడు. కట్టించిన ధనం సర్కారుది. ఆరు లక్షల వరహాలని ప్రతీతి. 1672లో గద్దెనెక్కిన అబుల్ హసన్ కుతుబ్‌షా, అనగా తానీషా, అతనిని గోల్కొండ కోటలో చెరసాలపాలు చేశాడు. పన్నెండేళ్లు ఆ చెరలో ఉన్నాడనీ, చివరకు రామలక్ష్మణులే రామోజీ లక్ష్మోజీల పేర పైకం చెల్లించి విడిపించారనీ భక్తుల విశ్వాసం. కోటలో రామదాసు బందీఖానాగా చూపే కొట్టు నేటికీ ఉన్నది. దాని గోడ మీద దేవతామూర్తుల చెక్కడాలు సందర్శకులకు కనిపిస్తాయి.

భక్తుడిని గౌరవించడం ఎంత సహజమో, అతని మీద మోపిన నేరం ఏమిటో గుర్తించడం కూడా అంత అవసరం. గోపన్న ఖర్చు పెట్టినది రైతులు కట్టిన శిస్తు. కీర్తనల బలం కూడా ఇక్కడి నుండే వచ్చింది. అవి కేవలం స్తోత్రాలు కావు. లెక్క చెప్పవలసి వచ్చిన ఒక ఉద్యోగి తన యజమాని కన్న పెద్ద యజమానికి పెట్టుకున్న అర్జీలు. 'ఇక్ష్వాకు కులతిలక' అనే కీర్తనలో ఆయన రాముడికి చేయించిన నగలను ఒక్కొక్కటిగా పేర్కొని, దేనికి ఎన్ని వరహాలు అయినవో లెక్క ఒప్పజెబుతాడు. అంతటితో ఆగక, ఆ నగలు పెట్టుకొని కులుకుతున్నది ఎవరి సొమ్ముతోనని నిలదీస్తాడు. చివరకు దెబ్బలకు ఓర్వలేక తిట్టాను, కోపగించవద్దని వేడుకుంటాడు. ఆలంకారికులు దీనిని నిందాస్తుతి అంటారు. ఆ పేరు కింద దాగిన నొప్పి మాత్రం అలంకారం కాదు. మరొక కీర్తనలో ఆయన నేరుగా రాముణ్ణి అడగడం మాని, భర్త ఏకాంతంలో ప్రసన్నుడై ఉన్న వేళ తన సంగతి చెప్పుమని సీతమ్మను ప్రాధేయపడతాడు. పెద్దాయన వద్ద పని కావలసిన ప్రతి తెలుగు కుటుంబానికీ ఈ ఉపాయం తెలిసినదే.

ఇక 'పలుకే బంగారమాయెనా' అన్న కీర్తన మాటెత్తితే, అది ఏకంగా నానుడిగా స్థిరపడింది. ఎంత పిలిచినా బదులు పలకని మనిషిని ఉద్దేశించి ఆ మాటలు వాడేవారిలో చాలామందికి అవి ఒక ఖైదీ ఆర్తనాదమన్న స్ఫురణ ఉండదు. పాట భాషలో కలిసిపోయిన తరువాత దానికి కర్తతో అవసరం తీరిపోతుంది.

ఈ పాటలు చెరసాల గోడలు దాటిన వైనం గమనింపదగినది. గోల్కొండ 1687లో ఔరంగజేబు వశమైంది. రాజ్యం పోయింది, శిస్తు లెక్కలు పోయాయి, పాటలు మిగిలాయి. నూరేళ్లు గడిచేసరికి అవి కావేరీ తీరం చేరాయి. త్యాగరాజస్వామి (1767–1847) 'క్షీరసాగర శయన' అనే కృతిలో ధీరుడైన రామదాసు బంధాన్ని శ్రీరాముడు తొలగించిన సంగతి తాను విన్నానని చెప్పుకున్నాడు. విన్నానని చెప్పడంలోనే ఆ కథ నోటి మీదుగా నడిచిన తీరు కనబడుతుంది. తంజావూరు సీమకు ఆ కథను మోసుకొనిపోయినవారు భాగవతులు, దాసులు, బైరాగులు. వారి పేర్లు చరిత్రలో చాలవరకు లేవు. పంతొమ్మిదవ శతాబ్ది తొలి దశకాలలో గుంటూరు సీమ నుండి వచ్చి భద్రాచలంలో సేవాక్రమాన్ని పునరుద్ధరించిన తూము నరసింహదాసు పేరు మాత్రం నిలిచింది.

దాసులు పాటను దూరం తీసుకొనిపోయారు. దానిని ఊరివారి సొంతం చేసినది భజన. ఊరిలో పొలం పనులు ముగిసిన రాత్రి రామమందిరం ముందు చాప పరచి దీపం పెడతారు. గురువు పల్లవి ఎత్తుకుంటాడు, తక్కినవారు అందుకుంటారు. రామదాసు కీర్తనలు చాలవరకు చిన్న పల్లవి, అన్నీ ఒకే వరుసలో సాగే పొట్టి చరణాలతో ఉంటాయి. చదువు రానివారు సైతం రెండవసారికి పల్లవి పట్టుకోగలరు. చెక్కభజనలోనూ కోలాటంలోనూ ఈ నిర్మాణం మరింతగా ఉపకరిస్తుంది. కాళ్లకు గజ్జెలు కట్టి, చేత చెక్కలు గాని కోలలు గాని పట్టి, వలయంగా నిలిచిన భజనపరులు మొదట నెమ్మదిగా అడుగు వేస్తారు. చరణం తరువాత చరణం గడిచేకొద్దీ తాళం వేగం పుంజుకుంటుంది. పల్లవికి వచ్చిన ప్రతిసారీ వలయమంతా ఒక్క అడుగుగా పడుతుంది. చివరి ఆవృత్తానికి మాట వినబడదు. లయ మాత్రమే మిగులుతుంది. చూస్తున్నవారి కాళ్లు కూడా కదులుతాయి. నేటి యువకులు నృత్యసంగీతంలో వెదికే తన్మయత్వం ఈ భజనగుడి ముంగిట మూడు తరాల క్రితమే ఉన్నది. విద్యుత్తు ఒక్కటే లేదు.

ఆ విద్యుత్తు ఇరవయ్యవ శతాబ్దంలో వచ్చింది. 1948 డిసెంబరులో విజయవాడ ఆకాశవాణి కేంద్రం ప్రారంభమైంది. ఉదయం వేళ ప్రసారమైన 'భక్తిరంజని' కార్యక్రమం తెలుగు ఇళ్లకు మేలుకొలుపైంది. ఆ కేంద్రంలో పనిచేసిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016) రామదాసు కీర్తనలను రేడియోలోనూ, పిమ్మట గ్రామఫోను రికార్డులలోనూ, క్యాసెట్లలోనూ గానం చేశారు. కచేరీలలో అసామాన్యమైన పాండిత్య ప్రదర్శన చేయగల ఆ విద్వాంసుడు ఈ కీర్తనల వద్ద మాత్రం సంయమనం పాటించారు. ప్రతి అక్షరమూ తేటగా పలికారు. స్వరవిన్యాసంతో మాటను కప్పివేయలేదు. అందువలన విన్నవారు తామూ పాడగలమనుకున్నారు, పాడారు కూడా. 'పలుకే బంగారమాయెనా' అనగానే ఆనందభైరవి, 'ఏ తీరుగ నను' అనగానే నాదనామక్రియ జ్ఞప్తికి రావడంలో ఆయన గళానిది సింహభాగం.

శ్రీరామనవమి పందిట్లో ఊదుగొట్టపు లౌడ్‌స్పీకరు నుండి ఆ కంఠం వినబడనిదే పండుగ వచ్చినట్లు తోచని కాలం దాపురించింది. దాపురించిందనడం కొందరికి రుచించకపోవచ్చు. ఒకే వరుస ఊరూరా స్థిరపడిన కొలదీ, ఆయా ఊళ్ల భజన గురువులు తమ తాతల వద్ద నేర్చిన వరుసలు వెనుకబడ్డాయి. పదిహేడవ శతాబ్దిలో స్వరలిపి రాసుకొనే అలవాటు లేదు గనుక గోపన్న ఏ వరుసలో పాడాడో తెలుసుకొనే మార్గం ఎట్లాగూ లేదు. దానికి వారసులుగా నిలిచిన పల్లె వరుసలు కూడా రికార్డు ముందు తలవంచాయి. యంత్రం పాటకు ఆయువు పోసింది. వైవిధ్యాన్ని కొంత హరించింది.

రేడియో చేసిన మరొక మేలు కల్యాణ వ్యాఖ్యానం. భద్రాచల సీతారామ కల్యాణాన్ని ఉషశ్రీ (1928–1990) ఆకాశవాణిలో ప్రత్యక్షంగా వర్ణిస్తుంటే, గోదావరిని ఎన్నడూ చూడనివారు సైతం పందిరి కింద కూర్చున్నట్లు భావించేవారు. వెండితెర సైతం వెనుకబడలేదు. 1964లో చిత్తూరు నాగయ్య స్వయంగా నిర్మించి, దర్శకత్వం వహించి, రామదాసుగా నటించారు. 2006లో కె. రాఘవేంద్రరావు దర్శకత్వంలో వచ్చిన 'శ్రీరామదాసు' చిత్రానికి ఎం.ఎం. కీరవాణి సంగీతం సమకూర్చారు. 'అంతా రామమయం' కీర్తన అందులో కొత్త వాద్యాల హోరుతో వినిపించింది. భజన గురువులు మొగం చిట్లించినా, వారి మనుమలు ఆ పాట ద్వారానే రామదాసును ఎరిగారు.

పాట ప్రజలదైనదో లేదో తేల్చే పరీక్ష ఒకటి ఇటీవల భద్రాచలానికే ఎదురైంది. ఈ ప్రాంతపు సరిహద్దులు స్థిరమైనవి కావు. 1959 వరకు భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. ఆ తరువాత ఖమ్మంలో చేరింది. 2014లో రాష్ట్ర విభజన జరిగినప్పుడు పోలవరం ముంపు ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకొని ఏడు మండలాల గ్రామాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. రామాలయం ఉన్న భద్రాచలం తెలంగాణలో మిగిలింది. పట్టణాన్ని ఆనుకొని ఉన్న ఎటపాక, పురుషోత్తపట్నం వంటి గ్రామాలు పరరాష్ట్రమైనాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం పేర కొత్త జిల్లా ఏర్పడింది. ఊరి చివర నిలబడితే పక్క పొలం వేరొక ప్రభుత్వానిది. నవమినాడు పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు సమర్పించే ప్రభుత్వ లాంఛనం కూడా రెండైంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2015 నుండి కడప సీమలోని ఒంటిమిట్ట కోదండరామాలయంలో అధికారికంగా కల్యాణం జరుపుతున్నది.

లాంఛనాలు పంచుకోవచ్చు. నీటి లెక్కలు, భూముల తగాదాలు న్యాయస్థానాల వద్ద తేలవచ్చు. కీర్తనలను ఏ రాష్ట్రపు ఖాతాలో జమ కట్టాలని ఎవరూ వాదించలేదు. గోల్కొండలో పుట్టిన పాటను గుంటూరు దాసు పాడాడు, తూర్పు గోదావరిలో జన్మించిన విద్వాంసుడు విజయవాడలో రికార్డు స్థాయికి తెచ్చాడు. భద్రాచలంలో ఏటా రామదాసు జయంతి ఉత్సవాలలో నవరత్న కీర్తనలను సామూహికంగా గానం చేస్తారు. వేదిక మీద కూర్చునే విద్వాంసులు రెండు రాష్ట్రాలవారూ ఉంటారు.

అయితే అదే అడవిలో మరొక గానసంపద ఉన్నది. కోయలు తమ వేల్పుల చరిత్రలను డోలు వాయిస్తూ పాడతారు. కొమ్ములు ధరించి చేసే వారి నృత్యం చూపరులను ముగ్ధులను చేస్తుంది. సమ్మక్క సారలమ్మల గాథలను కోయ, తెలుగు భాషలలో గానం చేసిన మణుగూరు ప్రాంతపు డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు భారత ప్రభుత్వం 2022లో పద్మశ్రీ పురస్కారం ఇచ్చింది. ఆయన 2024లో మరణించారు. రాగంలోనో భావంలోనో తక్కువైనందువలన ఆ పాటలు అడవి దాటలేదని చెప్పడానికి వీలులేదు. వాటిని మోసుకొనిపోయే దాసులు లేరు. ఉదయాన్నే వాటిని వినిపించిన రేడియో కార్యక్రమం లేదు. వాటికి ఒక బాలమురళి దొరకలేదు. దమ్మక్క కనుగొన్న దేవుడి మీద గోపన్న కట్టిన పాటలు లోకమంతా తిరిగాయి. దమ్మక్క జాతి తన వేల్పుల మీద కట్టుకున్న పాటలు నేటికీ ప్రధానంగా జాతరల రాత్రులలో, డోలు చుట్టూ కూర్చున్న కొద్దిమంది మధ్య వినబడుతున్నాయి.