పత్తెము

‘పథ్యం’ అనే సంస్కృత పదానికి ‘పథ’ శబ్దం మూలం. శరీరం నడిచే దారికి హితమైనది పథ్యం. అదే జనుల నోట ‘పత్తెము’ అయింది. కాలక్రమంలో ఆ మాటలోని హితం జారిపోయి నిషేధం మాత్రమే మిగిలింది. గోదావరి డెల్టాలోని పలు ఇళ్లలో నేటికీ పిల్లలకు దీర్ఘవ్యాధి సోకితే పాలు కఫమనీ, నువ్వులు వేడి అనీ, పప్పు వాతమనీ ఒక్కొక్కటే తీసివేస్తారు. చివరకు కంచంలో తెల్లని అన్నమూ చారూ మిగులుతాయి. నాలుగు రోజుల జ్వరానికి దీనివల్ల పెద్ద నష్టం లేదు. ఏళ్ల తరబడి వేధించే స్వయంప్రతిరక్షక వ్యాధులలో మాత్రం ఫలితం వేరుగా ఉంటుంది.

శరీరాన్ని కాపాడవలసిన రక్షణవ్యవస్థ స్వీయకణాలనే శత్రువులుగా ఎంచి దాడి చేయడం ఈ వ్యాధుల లక్షణం. కంచే చేను మేసిన చందం. వీటినే ఆటోఇమ్యూన్ వ్యాధులంటారు. బాల్యంలో మొదలయ్యే కీళ్లవాతం, లూపస్, టైప్ 1 మధుమేహం ఈ కోవలోనివి.

శరీరంలోని కాల్షియంలో సుమారు 99 శాతం, భాస్వరంలో 85 శాతం ఎముకలలోను, దంతాలలోను ఉంటాయి. ఈ నిధిలో అధికభాగం ఇరవై ఏళ్ల లోపే సమకూరుతుంది. సరిగ్గా అది నిండుతున్న వేళ కీళ్లవాతం వచ్చిపడితే, వాపును కలిగించే రసాయనాలు ఎముకను కరిగించే కణాలను ప్రేరేపిస్తాయి. నొప్పిచేత ఆటపాటలు తగ్గి ఎముకకు వ్యాయామం కొరవడుతుంది. వాపును అణచే స్టెరాయిడ్లు ఎందరినో కాపాడినవే. వైద్యుని మాట లేక వాటిని హఠాత్తుగా మానడం ప్రమాదకరం. అయితే దీర్ఘకాలం వాడినప్పుడు అవి పేగులు కాల్షియాన్ని గ్రహించడాన్ని తగ్గించి, మూత్రం ద్వారా దాని నష్టాన్ని పెంచుతాయి. ఇన్ని వైపుల ఖర్చు పెరిగిన చోట పత్తెం పేరిట రాబడిని కూడా ఆపడం పిల్లలకు చేసే అన్యాయమే.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత డెల్టా ధాన్యాగారంగా వర్ధిల్లింది. వరి ఆకలిని తీర్చింది. కాని 100 గ్రాముల మరపట్టిన బియ్యంలో కాల్షియం 10 మిల్లీగ్రాములకు మించదు. 16–18 ఏళ్ల వారికి రోజుకు 1050 మిల్లీగ్రాములు కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో సూచించింది. చోళ్లని కూడా పిలిచే రాగులలో 100 గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. నువ్వులలో దానికి మూడు రెట్లకు పైగా ఉంటుంది. ఈడేరిన ఆడపిల్లకు చిమ్మిలి పెట్టే ఆచారం ఈ లెక్కలు తెలియని కాలంలోనే ఏర్పడింది! పెరుగు, మునగాకు, ముళ్లతో సహా తినగల నెత్తళ్లు కూడా ఈ సీమలో దొరికేవే. లూపస్ మూత్రపిండాలకు సోకినవారికి మాత్రం ఉప్పు, భాస్వరం, పొటాషియంల విషయంలో వైద్యుడు విధించే హద్దులు వేరు.

ఇనుము సంగతి మరొక విధం. వాపు ఉన్నంతకాలం కాలేయం హెప్సిడిన్ అనే హార్మోనును అధికంగా స్రవిస్తుంది. అది పేగులలో ఇనుము గ్రహణాన్ని అడ్డుకొని, నిల్వ ఉన్న ఇనుమును సైతం బయటికి రానీయదు. గాదెలో ధాన్యముండీ తాళంచెవి దొరకని ఇంటి స్థితి అది. అందుచేత పాలిపోయిన బిడ్డకు రక్తపరీక్ష చేయించకుండా ఇనుము మాత్రలు మింగిస్తే ప్రయోజనం స్వల్పం. ముందు వాపు తగ్గాలి.

ఆ వాపును తగ్గించే ముఖ్యౌషధానికీ గోదావరి సీమకూ సంబంధముంది. 1895 జనవరి 12న భీమవరంలో జన్మించి, రాజమహేంద్రవరంలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు 1922లో అమెరికా చేరారు. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలోను, మూత్రంలోను భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. అనంతరం లెడర్లే ప్రయోగశాలలో ఆయన నేతృత్వాన పనిచేసిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ ఆమ్లం పనిని అడ్డుకునే మెథోట్రెక్సేట్ కూడా ఆ దశాబ్దంలోనే అక్కడ రూపొందింది. మొదట క్యాన్సర్ కోసం వాడిన ఆ మందును నేడు పిల్లల కీళ్లవాతానికి అల్పమోతాదులో, వారానికి ఒక్కసారి మాత్రమే ఇస్తారు. దానివల్ల ఏర్పడే లోటును పూడ్చడానికి ఫోలిక్ ఆమ్లాన్ని సాధారణంగా మరొక రోజున ఇస్తారు.