దిష్టి తీయడం: చేయి, మాట, మనసు

భోగి పండుగ నాడు పసిపిల్లలను పీట మీద కూర్చోబెట్టి రేగుపళ్ళు, చిల్లర నాణేలు, పూలరేకులు, చెరుకు ముక్కలు కలిపి తల మీద పోస్తాం. దానితో పిల్లలకు తగిలిన దిష్టి పోతుందని పెద్దల నమ్మకం. "నిజంగా పోతుందా?" అని ఇక్కడ పుట్టిన పిల్లలు అడుగుతారు. కసురుకోకుండా వారికి జవాబు చెప్పడానికే ఈ పాఠం.

ఏ పనైనా త్రికరణశుద్ధిగా చేయాలంటారు పెద్దలు. మనస్సు, వాక్కు, కాయం ఈ మూడే త్రికరణాలు. దిష్టి తీయడంలో మూడూ ఉన్నాయి.

చేయి: అమ్మమ్మ గుప్పెట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని బిడ్డ చుట్టూ తల నుండి పాదాల దాకా మూడుసార్లు తిప్పుతుంది.

మాట: ఎవరెవరి చూపు సోకిందో వరుసగా చెబుతుంది. ఇరుగువారు, పొరుగువారు, దారిన పోయేవారు, చివరికి కన్నతల్లి కూడా ఆ వరుసలో ఉంటారు. తప్పు ఏ ఒక్కరి మీదా పడదు. ఇది గమనించవలసిన విషయం. ఒకరినే వేలెత్తి చూపితే ఏమవుతుందో మనకు తెలుసు. బాణామతి, చేతబడి అనే అనుమానంతో మన పల్లెల్లో అమాయకుల ప్రాణాలు తీశారు.

మనసు: ఉప్పు నీటిలో కరిగినట్లు బిడ్డ బాధ కరిగిపోవాలని తలచుకుంటుంది.

మన పూజల్లోనూ ఇదే క్రమం కనిపిస్తుంది. విష్ణు సహస్రనామ పారాయణకు ముందు చేసే అంగన్యాస కరన్యాసాలు చేతితో, జపం నోటితో, ధ్యానం మనసుతో చేసేవే.

ఇక ఎర్రనీళ్ళ సంగతి. పసుపు నీటిలో కాస్త సున్నం కలపగానే ఎరుపెక్కుతుంది. పసుపులోని కుర్కుమిన్ క్షారం తగిలితే రంగు మారడమే దీనికి కారణం. పిల్లల ఎదుటే కలిపి చూపించండి. మాయ లేదని తెలిసినంత మాత్రాన హారతి అందం తగ్గదు.

మరి దిష్టి తీస్తే జబ్బు తగ్గుతుందా? ఏడ్చే బిడ్డకు పెద్దల చేయి, గొంతు ఊరటనిస్తాయి. చేసేవారికీ ధైర్యం వస్తుంది. అంతవరకే. మన ఊళ్ళలో పచ్చకామెర్లకు మంత్రం వేయించుకునేవారు. హెపటైటిస్ ఎ వల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. పేరు మాత్రం మంత్రానికి దక్కేది. కానీ పురిటిబిడ్డకు కామెర్లు మరీ ఎక్కువైతే మెదడు దెబ్బతినవచ్చు. అక్కడ మంత్రంతో కాలయాపన చేయడం ప్రమాదం.

అందుకని కొన్ని జాగ్రత్తలు:

1. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ జ్వరం ఉంటే వెంటనే డాక్టరుకు చూపించాలి. దిష్టి ఇంటికి వచ్చాక తీయవచ్చు.

2. మిరపకాయలు నిప్పుల్లో వేస్తే ఘాటుకు దగ్గు వస్తుంది. ఉబ్బసం ఉన్న పిల్లలకు మరీ ఇబ్బంది. అపార్టుమెంట్లలో పొగ అలారం మోగుతుంది కూడా. ఉప్పు తిప్పి నీటిలో కలిపేస్తే చాలు.

3. కొన్ని కాటుకల్లో, సుర్మాల్లో సీసం ఉంటుందని అమెరికా ఆహార ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. అది పిల్లల మెదడుకు హాని చేస్తుంది. దిష్టిచుక్కకు ఇంట్లో ఆముదం దీపం మసితో చేసుకున్న కాటుక వాడండి. కళ్ళకు మాత్రం పెట్టకండి.

4. ఎవరి చూపు తగిలిందో పిల్లల ముందు పేరు పెట్టి అనకండి.

పిల్లలతో చర్చించండి:

దిష్టి తీసేటప్పుడు అమ్మమ్మ చేయి ఏం చేస్తుంది? నోరు ఏం చెబుతుంది? మనసు ఏం కోరుకుంటుంది? ఆ వరుసలో కన్నతల్లిని కూడా ఎందుకు చేర్చారు?

చివరి ప్రశ్నకు పిల్లలు ఏం చెబుతారో వినండి. అందరికీ భోగి, సంక్రాంతి శుభాకాంక్షలు.