సోరియాసిస్ మందు పనిచేస్తోందా? ముక్క తీయకుండానే తెలుస్తుంది

మళ్లీ చర్మం ముక్క తీస్తారేమోనని భయపడి కొందరు రెండోసారి ఆసుపత్రికి రావడమే మానేస్తున్నారు. మందు గుణం చూడటానికి మామూలుగా ఆ అవసరం ఉండదు. తల, చేతులు, మొండెం, కాళ్లపై మచ్చల ఎరుపు, మందం, పొట్టు చూసి డాక్టరు ఒక్కోదానికి 0 నుంచి 4 వరకు మార్కులు వేస్తారు. మచ్చలు ఎంతమేర ఉన్నాయో అరచేతితో లెక్కిస్తారు. వేళ్లతో కలిపి మీ అరచెయ్యి ఒంటిలో సుమారు 1 శాతం. అన్నీ కలిపి వచ్చేదే పాసి స్కోరు, గరిష్ఠం 72. మొదట 16 ఉన్నది 4కు దిగితే 75 శాతం తగ్గినట్టు.

టేపు అంటించి, పైపొర తీసి పరీక్షించే పద్ధతీ ఉంది గానీ, అది ఇంకా ఎక్కువగా పరిశోధనల్లోనే.

చూపించుకునే రోజు నూనె, ఆయింట్‌మెంటు డాక్టరు చూశాకే రాసుకోండి. ముందే రాస్తే పొట్టు అణిగిపోయి స్కోరు తప్పుతుంది. మచ్చ మానాక నల్లటి మరక మిగలొచ్చు, అది చూసి మందు పనిచేయలేదనుకోవద్దు. పాత చీటీ, మొదట్లో ఫోన్‌లో తీసిన ఫోటో వెంట తెచ్చుకోండి.